అనూరుడి పగ్గాలు

అంగవైకల్యం పూర్వజన్మ కర్మకు ఫలమా అన్న ప్రశ్న తెలుగు నేలమీద శాస్త్రగ్రంథాల్లో కంటే వాడుక మాటల్లోనే ఎక్కువగా నలిగింది. సంస్కృతంలో 'కర్మ' అంటే చేసిన పని. అది తెలుగు నోట పడి 'ఖర్మ' అయ్యేసరికి చేసినది అన్న అర్థం జారిపోయి, నెత్తిన పడినది అన్న అర్థమే మిగిలింది. ఒకవైపు పత్తి, మిరప చేలు, మరోవైపు గ్రానైట్ పలకలు కోసే యూనిట్లు, నడుమ లారీల రద్దీ తగ్గని జాతీయ రహదారి ఉన్న మార్టూరు వంటి చోట, యంత్రంలో చేయి నలిగినవారిని చూసినా, రోడ్డు మీద కాలు పోయినవారిని చూసినా 'ఏ జన్మలో ఏం చేసుకున్నాడో' అనే మాట జాలితోనే వస్తుంది. కానీ ఆ జాలి వెనుక ఒక తీర్పు ఉంది: దెబ్బ తిన్నవాడే నేరస్థుడని, సాక్ష్యం ఎవరికీ కనబడని జన్మలో ఉందని ఆ మాట చెప్పకనే చెబుతుంది.

వేదాంతులు కర్మను మూడుగా విభజించారు. జన్మజన్మలుగా పోగుపడినది సంచితం, అందులోంచి ఈ జన్మలో అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తూ ముందుకు కూడబెట్టుకునేది ఆగామి. ప్రారబ్ధాన్ని అద్వైత గ్రంథాలు వింటినుంచి వెలువడిన బాణంతో పోలుస్తాయి. వేగం తీరేదాకా అది ఆగదు. శరీరం ఎందుకు ఇలా ఉన్నదన్న ప్రశ్నకు ఈ విభజన జవాబు ఇస్తుంది గాని, ఆ జవాబును పరీక్షించే దారి మాత్రం చూపదు. ఏ గాయానికైనా సరిపోయే వివరణ ఏ ఒక్క గాయాన్నీ వివరించలేదు.

బౌద్ధ పాళీ వాఙ్మయంలోని సీవక సుత్తం ఈ చిక్కును సూటిగా పట్టుకున్నది. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనే అనేవారి గురించి సీవకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు, బుద్ధుడు వేదనకు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసిన సన్నిపాతం, ఋతువుల మార్పు, ఒళ్లు చూసుకోకపోవడం, బయటినుంచి వచ్చిపడిన దెబ్బ, చివరగా కర్మవిపాకం. అంటే కర్మ ఎనిమిదింటిలో ఒకటి. దెబ్బకు వేరే గడి ఉంది. నాగార్జునకొండ లోయలో ఈ పాళీ సంప్రదాయానికే చెందిన సింహళ భిక్షువులకు ఒక విహారం ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. ఆ లోయను ముంచిన జలాశయం నుంచే సాగర్ కుడికాలువ గుంటూరు, ప్రకాశం చేలకు నీరు తెస్తున్నది. నీళ్లు వచ్చినంత సులువుగా ఆ వాదం రాలేదు. నిజానికి రైతుకు ఆ వాదం చేతల్లో తెలిసినదే. 2021-22లో నల్ల తామర పురుగు మిరప మీద విరుచుకుపడినప్పుడు 'నా ఖర్మ' అని నిట్టూర్చిన రైతే, మరుక్షణం పువ్వును తుంచి అరచేతిలో దులిపి, రేకుల మధ్యనుంచి రాలిన నల్లటి నలుసులు కదులుతున్నాయా అని వంగి చూశాడు. చేను విషయంలో కారణం వెతికే మనిషి, సాటి మనిషి విషయంలో వెతకడం మానేయడం విచిత్రం.

కొంగనపల్లె నారాయణ జీవితాన్ని ఈ ప్రశ్న ముందు పెట్టి చూడవచ్చు. రాయలసీమ నుంచి సైన్యంలో చేరిన ఆయన 2015లో జమ్మూకశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు కోల్పోయాడు. ఆ తరువాత పుణెలోని సైనిక శిక్షణ కేంద్రంలో పారా రోయింగ్, అంటే దివ్యాంగుల తెడ్ల పడవ పందెం, నేర్చుకున్నాడు. మందుపాతరను ఒక మనిషి పాతిపెట్టాడు. దాని కారణాన్ని అడుగు వేసినవాడి గత జన్మకు అంటగట్టడమంటే పాతినవాడిని తప్పించడమే. ప్రభుత్వం 'వికలాంగుడు' అన్న మాటను పక్కనబెట్టి 'దివ్యాంగుడు' అనడం మొదలైనది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. పాపాన్ని తుడిచి దైవత్వాన్ని అద్దిన ఈ పేరు మర్యాదగానే ఉన్నా, మనిషిని మాత్రం మళ్లీ మామూలు లెక్కలోంచి బయటికే పంపింది.

పారా రోయింగ్ వర్గీకరణ ఈ రెండు దారులూ తొక్కదు. 2008 బీజింగ్‌లో పారాలింపిక్స్‌కు వచ్చిన ఈ క్రీడలో పరీక్షకులు కండరాల బలాన్ని, కీళ్ల కదలికను చూసి, చేతులు భుజాలతోనే తెడ్డు వేయగలవారిని పీఆర్1లో, నడుము కూడా వాడగలవారిని పీఆర్2లో, కాళ్లలో కొంత శక్తి మిగిలినవారిని పీఆర్3లో ఉంచుతారు. కాలు ఎలా పోయిందన్నది ఆ గడుల్లో దేన్నీ మార్చదు. ఇప్పుడు ఏది కదులుతుందన్నదే లెక్క. పీఆర్3 పడవలో పీట పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది; పాదపలకను తన్ని ఒళ్లు వెనక్కి వాలిస్తేనే తెడ్డు నీటిని నెడుతుంది కనుక, కృత్రిమ పాదం కూడా ఆ తన్నులో తన వంతు మోస్తుంది.

రాజస్థాన్‌కు చెందిన అనితతో జతగా నారాయణ 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో వెండి పతకం గెలిచాడు. ఆ జంట 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో, అక్కడ తొలిసారి చేర్చిన పీఆర్3 స్త్రీపురుష జంటల 2000 మీటర్ల పందెంలో, ఎనిమిదో స్థానంలో నిలిచింది. వెండిని గురించి రాయడం తేలిక. ఎనిమిదో స్థానమే తత్త్వవేత్తకు పనికివచ్చే అంకె. పతకం వస్తే వైకల్యానికి బదులు తీరిందని లోకం తృప్తిపడుతుంది, రాకపోతే కథ సగంలో ఆగిందనుకుంటుంది. ఈ రెండూ మళ్లీ కర్మఖాతా లెక్కలే.

మహాభారతంలో ఈ రెండు ధోరణులకూ రెండు కథలున్నాయి. గర్భంలోనుంచే తండ్రి కహోళుడి వేదపఠనంలో తప్పు పట్టినందుకు ఆయన శాపం తగిలి అష్టావక్రుడు ఎనిమిది వంకరలతో పుట్టాడు. తప్పు అతనిది కాదు, తండ్రి కోపానిది. అయినా కథ అతన్ని వంకరగా వదలలేక, వాదంలో గెలిచి తండ్రిని విడిపించాక సమంగా నదిలో ముంచి చక్కబరిచింది. వినత తొందరపడి గుడ్డును చిదిపినందువల్ల తొడలు ఏర్పడకుండానే పుట్టిన అరుణుడి విషయమూ అంతే, తప్పు తల్లి ఆత్రానిది. ఊరువులు లేనివాడు కనుక అనూరుడన్న పేరు వచ్చింది. అతన్ని మాత్రం ఏ నదీ చక్కబరచలేదు. సూర్యరథం చెక్కిన శిల్పులు చాలాచోట్ల సారథి అరుణుణ్ణి నడుము పైభాగం వరకే చెక్కి, చేతికి ఏడు గుర్రాల పగ్గాలు ఇచ్చారు.