పేరు పెట్టకముందు

ఆ మధ్య మా వీధిలో ఒక ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. తెల్లవారేసరికి కబురు వీధంతా తెలిసిపోయింది గాని, ఆ ఇంటికి వెళ్లి ఏమనాలో ఎవరికీ తెలియలేదు. "లక్ష్మీదేవి పుట్టింది, శుభం" అనాలా? "ధైర్యంగా ఉండండమ్మా" అనాలా? అభినందించడానికి మనకో ముఖం ఉంది, పరామర్శించడానికి ఇంకో ముఖం ఉంది. రెండూ కలిపి ఒకే ముఖంతో వెళ్లవలసి వస్తే మాత్రం గుమ్మం దిగడానికే తటపటాయిస్తాం.

మాది మల్కాపురం. ఒక వైపు రిఫైనరీ గొట్టం మీద ఆరని మంట, ఇంకో వైపు షిప్‌యార్డు. పిల్ల తండ్రి అక్కడ కాంట్రాక్టు వెల్డరు. తల్లి ఏదో కంపెనీలో ప్యాకింగు పనికి వెళుతుంది. ముప్ఫై ఒకటో వారంలోనే నొప్పులొచ్చాయి. పిల్ల తూకం కిలో మూడొందల గ్రాములు. కిరాణా కొట్టులో వినవలసిన లెక్క పసిపిల్ల గురించి వింటే గుండె కలుక్కుమంటుంది.

ఇక ఆ ఇంటి మామ్మ సంగతి. వెల్డరుకి తల్లి ఆవిడ. కోడలితో అన్న మొదటి మాట, "దాని మీద మనసు పెట్టుకోకు తల్లీ. ఉంటే అప్పుడు చూసుకుందాం" అనిట. నాతోనూ అంది. "ఏడో నెల గుంటలు బతుకుతారు బాబూ, ఎనిమిదో నెలోళ్లు దక్కరు."

ఈ నమ్మకం మనది మాత్రమే కాదు. రెండు వేల ఏళ్లకు పూర్వమే గ్రీకు వైద్యులు కూడా ఇదే మాట రాసుకున్నారు. అంతమంది అన్నా నిజం మాత్రం కాదు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడో నెల కంటే ఎనిమిదో నెల మేలు. ఈ ముక్క మామ్మకి చెప్పాను. "నువ్వు కన్నావేటి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సరే, నెలల లెక్క వదిలేద్దాం. మనసు పెట్టుకోకు అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. దక్కుతుందో లేదో తెలియని బిడ్డను ముందే ప్రేమించడం తెలివా, తెలివితక్కువా? ప్రేమకీ ఒక పూచీకత్తు అడగాలా?

మన పెద్దవాళ్లు ఈ ప్రశ్నకి ఒక జవాబు చెప్పుకున్నారు. పురుడు గడిచి, పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల చేసి, అప్పుడు గాని పేరు పెట్టరు. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెంటయ్య అనేవారు. ఎంగిలి విస్తరాకులో దొర్లించి పుల్లయ్య అనేవారు. "ఇది మాకు అక్కర్లేని వస్తువు, నీకెందుకు?" అని మృత్యువుని మభ్యపెట్టడమన్నమాట. పైకి చూస్తే బిడ్డంటే ఇష్టం లేనట్టుంటుంది. నిజానికి అంతకంటే ఇష్టం ఇంకెక్కడుంటుంది? దొంగలున్న ఊళ్లో బంగారాన్ని చింకిగుడ్డలో మూటగట్టినట్టు, వాళ్లు ప్రేమని దాచుకున్నారు. వాళ్ల చేతిలో ఉన్న మందు అదొక్కటే.

ఇప్పుడు వేరే మందులున్నాయి. పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మా వైపు పెద్దాసుపత్రి అంటే 1923లో వెలిసిన కింగ్ జార్జి ఆసుపత్రే. చూడ్డానికి నేనూ వెళ్లాను. ఆ వార్డులో పిల్లలకి పేర్లుండవు. మణికట్టు పట్టీ మీద తల్లి పేరు రాసి, ఫలానా ఆవిడ బిడ్డ అంటారు. మామ్మ మాట అక్కడ కూడా చెల్లినట్టే కనిపించింది నాకు. అయితే ఆ పేరులేని పిల్లలకి జరుగుతున్న సేవ చూస్తే సంగతి వేరు.

నెలలు నిండని పిల్ల ఒంట్లో కొవ్వుండదు. ఒంట్లో పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. పాలు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడూ ఒకదానికొకటి అడ్డురాకుండా చేయగలగడం సుమారు ముప్ఫై నాలుగో వారానికి గాని రాదు. అందాకా తల్లిపాలు పిండి, సన్నటి గొట్టంతో కడుపులోకి పంపుతారు. తరవాత ఏ యంత్రం తెస్తారో అనుకున్నాను. నర్సమ్మ తీసింది మన ఉగ్గుగిన్నె! మన అమ్మమ్మల అటక మీది వస్తువు ఆక్సిజను గొట్టాల పక్కన దర్జాగా కూచుంది.

అన్నిటికంటే చిత్రం, ఈ పిల్లలు ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. అలారం మోగుతుంది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి అరికాలి మీద వేలితో తడుతుంది. పిల్లకు ఊపిరి గుర్తొస్తుంది. మరపు పోవడానికి ఇచ్చే మందేమిటో తెలుసా? కెఫీను! పొద్దున్నే కాఫీ చుక్క పడకపోతే లోకం గుర్తురాని మనకి, ఆ పిల్లకి చుట్టరికం కలిసిందనిపించింది.

ఆ పిల్ల బతుకుతుందా అని నర్సమ్మ నడిగాను. "ఇప్పుడు ఊపిరి తీస్తోందండీ" అంది. అంతే. అలారం మోగిన ప్రతిసారీ ఆవిడ, ఈ పిల్ల రేపు ఉంటుందా అని లెక్క వేసుకుని కదలదు. ముందు కాలు తడుతుంది.

ఈ విద్య అంత తేలిగ్గా రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఐదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. రెండు కిలోల పైచిలుకు బరువు, మా వీధి పిల్ల కంటే ఎంతో నయం. అయినా ముప్ఫై తొమ్మిది గంటలే బతికాడు. ఊపిరితిత్తుల లోపలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే జిగురు పూత ఒకటి ఉంటుంది, నెలలు నిండనివాళ్లలో అది చాలదు. ఆ లోపాన్ని 1959లోనే మేరీ ఎలెన్ ఎవరీ అనే డాక్టరమ్మ కనిపెట్టింది. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన పూతతో పిల్లల్ని బతికించవచ్చునని జపాను డాక్టరు ఫుజివారా చూపించింది 1980లో. ఆనాడు అధ్యక్షుడికి కొనడానికి దొరకనిది ఈనాడు వెల్డరు బిడ్డ కోసం ఉంది. ఎలాగూ పోయేవాళ్లే గదా అని అందరూ ఊరుకుంటే అది వచ్చేదా?

ప్యారిస్‌లో తార్నియే అనే డాక్టరు కోడిపిల్లల పొదుగు పెట్టె చూసి, 1880లో పసిపిల్లలకూ వెచ్చని పెట్టె చేయించాడు. ఆయన తరవాత బుదాన్ అనే డాక్టరు ఇంకో సంగతి గమనించాడు. పెట్టెలో పిల్ల కోలుకునేది గాని, బిడ్డని ముట్టుకోకుండా దూరంగా ఉంచిన తల్లుల్లో కొందరికి మమకారం సన్నగిల్లేది. ప్రేమించి ఎత్తుకోవడమే కాదు, ఎత్తుకోగా ఎత్తుకోగా ప్రేమ కలుగుతుందన్నమాట.

1978 ప్రాంతంలో కొలంబియా దేశపు బొగోటాలో పెట్టెలు చాలలేదు. ఎడ్గర్ రే అనే డాక్టరు పిల్లల్ని తల్లుల గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టించాడు. కంగారూ తన పిల్లని మోసినట్టు గనక దానికి ఆ పేరే వచ్చింది. పేరులో కంగారున్నా పద్ధతిలో కంగారేమీ లేదు. కదలకుండా కూచోవడమే.

చాలాకాలం డాక్టర్లు కూడా మామ్మ మాటే పాటించారు. పిల్ల కుదుటపడనీ, అప్పుడు తల్లికిద్దాం అనేవారు. 2021లో మన దేశంతో కలిపి ఐదు దేశాల ఆసుపత్రుల పరిశీలన ఒకటి వెలువడింది. కిలోకి పైన, కిలో ఎనిమిదొందలకు లోపు ఉన్న పిల్లలు. కుదుటపడేదాకా ఆగి గుండెకి హత్తుకున్నవాళ్లలో నెల లోపు నూటికి పదహారు మంది దాకా పోయారు. పుట్టగానే హత్తుకున్నవాళ్లలో పన్నెండు మందే పోయారు. బతికితే ఎత్తుకుందామని ఆగడంలోనే నూటికి నలుగురు జారిపోయారన్నమాట.

అయితే ఆ పన్నెండు మంది మాటేమిటి? ఇక్కడ నేను తప్పించుకోకూడదు. మా పిల్ల పక్క తొట్టెలో ఇంకా చిన్న పిల్లాడుండేవాడు. వాళ్లమ్మ పదకొండు రోజులు పాలు పిండింది. పన్నెండో రోజుకి ఆ తొట్టె ఖాళీ. ఆ పదకొండు రోజులూ వృథాయేనా?

దీనికి జవాబు నాకు అనుకోని చోట దొరికింది. మా వెల్డరు జీతంలో ప్రతి నెలా ఈఎస్ఐ కింద కొంత కోస్తారు. పదిహేను వేలకి 113 రూపాయలు. "ఒంట్లో బాగానే ఉంది గదా, ఎవడికోసమండీ ఈ కోత?" అని విసుక్కునేవాడు. మల్కాపురంలోనే ఆ ఆసుపత్రి ఉంది గనక ఆ కోత గురించి మా వీధిలో అందరికీ అభిప్రాయాలున్నాయి. ఈఎస్ఐ చట్టం వచ్చింది 1948లో. పురుడంటే ఏమిటో అందులో రాశారు. బిడ్డ ప్రాణంతో పుడితే పురుడు. ఇరవై ఆరు వారాలు నిండాక ప్రసవమైతే, బిడ్డ ప్రాణంతో ఉన్నా లేకపోయినా, అదీ పురుడే. పనిచేసే తల్లికి రావలసింది వచ్చి తీరుతుంది. నెలలు నిండని కాన్పువల్ల జబ్బుపడితే మరో నెల సెలవు కూడా కలుపుతారు.

చట్టాలకి గుండె ఉండదంటారు. ఈ ఒక్క వాక్యంలో ఉందనుకుంటాను. బిడ్డ మిగిలిందా లేదా అని చూసి తల్లి కష్టానికి విలువ కట్టలేదు. తల్లి తల్లే అంది. పక్క తొట్టె పిల్లాడికి పదకొండు రోజులు ఒక అమ్మ ఉంది. వాడి జీవితం మొత్తంలో అమ్మ లేని రోజు ఒక్కటి లేదు.

మామ్మ సంగతి చెప్పలేదు కదూ. మూడో వారంలో ఒకరోజు కోడలు నీరసంతో తూలింది. నర్సమ్మ మామ్మని పిలిచి, "పెద్దమ్మా, అమ్మాయి అన్నం తినొస్తుంది, గంటసేపు మీరు పెట్టుకోండి" అంది. మామ్మ కాదనలేకపోయింది. పిల్లని గుండె మీద పెట్టి చీర కొంగు కప్పారు. గంట అయింది. రెండు గంటలయింది. కోడలొచ్చి నిలబడినా మామ్మ కదల్లేదు.

మాటల్లో పెట్టడానికి నర్సమ్మ, "మీకెంతమంది పిల్లలు పెద్దమ్మా?" అందిట.

"పుట్టినోలు ఆరుగురు. ఉన్నోలు నలుగురు" అంది మామ్మ. కాసేపాగి తనే చెప్పింది. "ఒకడు శ్రావణమాసంలో, మూడో రోజున. ఒకతి సంక్రాంతికి ముందు, తొమ్మిదో రోజున. ఇద్దరికీ పేరెట్టలేదు."

పేరు పెట్టకపోతే దుఃఖం తగ్గుతుందనే గదా పెట్టనిది! నలభై ఏళ్లు దాటాయి, ఒక్క రోజు లెక్క తప్పలేదు.

ఆ సాయంత్రం మామ్మ బస్సు దిగి నేరుగా ఇంటికి పోలేదు. వీధి మొదట్లోనే నిలబడి, "ఇరవై గ్రాములు పెరిగిందమ్మా!" అని ప్రకటించింది. లడ్డూలు పంచినట్టే ఉంది ఆ గొంతు. ఆ రోజునుంచి మా వీధివాళ్లకి ఏ ముఖంతో వెళ్లాలన్న బెంగ తీరిపోయింది. ఎవరు ఎదురైనా ఒకటే పలకరింపు.

"మామ్మా, ఈవేళ ఎంత?"