తుపాకులు పట్టిన వంపు

విమానాలంటే పిచ్చి ఉన్నవాళ్ల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: చూడ్డానికి బాగుంటే ఎగరడమూ బాగానే ఎగురుతుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఇది మహా ఇష్టం, అందానికి లెక్క దొరికినట్టు ఉంటుంది కదా. స్పిట్‌ఫైర్ దగ్గర మాత్రం ఆ లెక్క తేలదు. 1936లో తొలిసారి ఎగిరిన ఈ బ్రిటిష్ యుద్ధవిమానానివి దీర్ఘవృత్తాకారపు రెక్కలు. యుద్ధం మధ్యలో, తక్కువ ఎత్తులో గిరుక్కున పక్కకి ఒరగాలని కొన్నిటికి రెక్కల కొసలు తీసేశారు. పని మెరుగైంది. అందం పోయిందనే చాలామంది అంటారు, నేనూ అంటాను. అంటే మన కన్ను పనితనాన్ని కొలవడం లేదు, ఆ వంపునే ప్రేమిస్తోంది.

సరే, ఆ వంపు ఎందుకొచ్చింది? డ్రాగ్ తగ్గడం ఒక్కటే కాదు కారణం. రెక్క పలచగా ఉండాలి, అందులోనే ముడిచిన చక్రాలూ ఎనిమిది మెషిన్‌గన్లూ పట్టాలి. అందుకే వెడల్పుని చాలా దూరం నిలబెట్టి, కొసకి వచ్చాక సన్నం చేశారు. ఎయిర్ షోలో తలెత్తి మురిసిపోయే గీతలో తుపాకుల చోటు కూడా ఉంది.

కాంట్ చెప్పినట్టు ఏ ప్రయోజనమూ ఆశించకుండా చూద్దామా? ఆ వెసులుబాటు కింద నిలబడి చూసే మనకే. దానికి ఎదురుగా ఎగిరినవాడికి లేదు. ఇదంతా తెలిశాక ఆ వంపు కాస్తయినా వికారంగా కనిపిస్తే బాగుండేది. కనిపించడం లేదు.