జన్యు చికిత్స: సృష్టిని మార్చడమా, రోగాన్ని మాన్పడమా?

మొన్న జుమా నమాజ్ తర్వాత ఒక సోదరుడు మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆయన కూతురికి 13 ఏళ్ళు. తలసేమియా వ్యాధి. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. "మౌలానా! జన్యువుల్ని సరిచేసి ఈ జబ్బు నయం చేస్తున్నారట. అది అల్లాహ్ సృష్టిని మార్చడమే, హరామ్ అంటున్నారు మా బావగారు. నిజమేనా?" అని అడిగాడు.

ఆ మాట ఊరికే పుట్టింది కాదు. మానవులచేత అల్లాహ్ సృష్టిలో మార్పులు చేయిస్తానని షైతాన్ పంతం పట్టిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరాలో ఉంది. అది చదివినవారికి భయం కలగడం సహజమే. అయితే తీర్పు చెప్పేముందు ఆ చికిత్సలో జరిగేదేమిటో తెలుసుకోవాలి. మదరసాలో మేము చదివిన గ్రంథాల్లో జన్యువు అన్న మాటే లేదు. ఈ సంగతులు డాక్టర్లను అడిగి తెలుసుకున్నవే.

రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ తయారీకి బీటా గ్లోబిన్ అనే జన్యువు కావాలి. అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తుంది. రెండూ లోపంతో వస్తే తలసేమియా. జన్యు చికిత్సలో ముందుగా రోగి రక్త మూలకణాలను బయటికి తీస్తారు. హాని చేయకుండా మార్చిన వైరస్ ద్వారా మంచి జన్యువును వాటిలోకి చేర్చి, తిరిగి రోగికే ఎక్కిస్తారు. ఇదొక పద్ధతి. మరొకటి క్రిస్పర్. తల్లి గర్భంలో శిశువుకు వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. దాన్ని ఆపే ఏర్పాటును క్రిస్పర్‌తో కత్తిరిస్తే అది మళ్ళీ తయారవుతుంది. 12 ఏళ్ళు దాటిన తలసేమియా రోగులకు దీన్ని 2023 నవంబరులో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా అనుమతించాయి. గమనించారా? ఇక్కడ మనిషి కొత్తగా సృష్టించిందేమీ లేదు. అల్లాహ్ ఆ బిడ్డలో ముందే ఉంచినదాన్ని నిద్ర లేపుతున్నాడంతే.

యుద్ధంలో ముక్కు తెగిన అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే దుర్వాసన వచ్చింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, ఆయనను బంగారు ముక్కు పెట్టుకోమన్నారు దైవప్రవక్త (స). అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను శపించిన ప్రవక్త కూడా ఆయనే. పోయినదాన్ని సరిచేసుకోవడం వేరు, ఉన్నది నచ్చక మార్చుకోవడం వేరు. 1998లో మక్కాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్ మండలి కూడా రోగ నివారణకు, చికిత్సకు జన్యుశాస్త్రాన్ని వాడుకోవచ్చని, అంతకంటే పెద్ద హాని కలగకూడదని తీర్మానించింది.

2018లో చైనాలో జరిగింది మాత్రం ఈ కోవలోకి రాదు. హో జియాన్‌క్వీ అనే శాస్త్రవేత్త ఎయిడ్స్ సోకకుండా ఉండాలని పిండదశలోనే జన్యువులు మార్చాడు, కవల ఆడపిల్లలు పుట్టారు. ఆ పిండాలకు ఏ రోగమూ లేదు. పైగా ఆ మార్పు వారి సంతానానికీ సంక్రమించవచ్చు. ఇంకా పుట్టని తరాల తరఫున ఒప్పుకునే హక్కు ఎవరికుంది? 2019లో అక్కడి కోర్టు అతనికి మూడేళ్ళ జైలుశిక్ష వేసింది.

ధర్మసమ్మతమైనంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ యువకుడు ప్రయోగ చికిత్సలో ఎక్కించిన వైరస్ వికటించి మరణించాడు. అతని జబ్బు మందులతో, పథ్యంతో అదుపులోనే ఉండేది! తలసేమియా చికిత్సలోనూ సరిచేసిన కణాలు ఎక్కించేముందు బలమైన మందుతో పాత మూలుగను ఖాళీ చేస్తారు. ఆ మందు వల్ల సంతానయోగ్యత పోవచ్చు. ఈ మాట చెప్పినప్పుడు ఆ తండ్రి చాలాసేపు తల ఎత్తలేదు. తల్లిదండ్రులు బిడ్డ శరీరానికి అమానతుదారులు, యజమానులు కారు. 13 ఏళ్ళ అమ్మాయికి ఈ సంగతి దాచకుండా చెప్పి, ఆమె మాట కూడా వినాలన్నాము.

ఇక ఖర్చు. క్రిస్పర్ చికిత్సకు అమెరికాలో పెట్టిన ధర 22 లక్షల డాలర్లు, ఆనాటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు. "జకాత్ సొమ్ముతో చేయించవచ్చా?" అని అడిగాడాయన. పేద రోగికి జకాత్ ఇవ్వవచ్చు, సందేహం లేదు. కానీ ఆ సొమ్ముతో ఎందరో పిల్లలకు మూలుగ మార్పిడి చేయించవచ్చు. దానికి ఖర్చు లక్షల్లోనే. ఒక్క ప్రాణానికి అంతా ఇచ్చి తక్కినవారిని వదిలేయడం మాకు న్యాయంగా తోచలేదు. కన్నతండ్రి ఎదుట ఆ మాట అనడం తేలిక కాలేదు. తోడబుట్టిన వాడి మూలుగ కుదిరితే దానితోనే నయం కావచ్చు గనుక, ముందు పెద్దబ్బాయికి పరీక్ష చేయించమన్నాము.

"వాడికి వచ్చే నెల నిశ్చితార్థం మౌలానా, మా చెల్లెలి కూతురితో" అన్నాడు.

మేనత్త కూతుర్ని చేసుకోవడం షరీఅత్‌లో ధర్మసమ్మతమే. అయితే దంపతులిద్దరూ ఈ లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మోస్తున్నవారికి పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాహ్‌కు ముందు ఈ పరీక్ష తప్పనిసరి.

ఇద్దరికీ పరీక్ష చేయించారా అని అడిగాము. లేదన్నాడు.