రేపటి లోకమూ, చూసే కన్నూ

సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ 1991 జూలై 18న విడుదలైంది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా దానిమీద ప్రేక్షకులకు ఏకాభిప్రాయం కుదరలేదు. 1526 నాటి రాయలవారి కొలువు చూసి పరవశించేవారు, 2504 నాటి భవిష్యత్తు తేలిపోయిందంటారు. ఆ భవిష్యత్తులోనే చిత్రానికి ప్రాణమున్నదనేవారు మరికొందరు. కృష్ణకుమార్, హేమల ప్రేమ చాలు, కాలయంత్రం వట్టి సాకు అనేవారు ఇంకొందరు. చివరకు ‘లోకో భిన్నరుచిః’ అని ఎవరో ఒకరు చర్చను ముగిస్తారు.

ఈ మాటతో చర్చ నిజంగా ముగుస్తుందా? పప్పులో కారం ఎంత ఉండాలన్నది రుచికి సంబంధించిన విషయం. కాని మానవజాతి ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోతున్నది అన్నది రుచి కాదు. ప్రేక్షకుడు ఏ కాలాన్ని ప్రేమించాడో చెప్పినప్పుడు, తన ఆశను ఎక్కడ దాచుకున్నాడో కూడా చెబుతున్నాడు. ఆ ఆశకు ఆధారమున్నదా అని అడగటం విమర్శకుని ధర్మం.

హిందూపురంలో ఈ పని మరింత కష్టం. చిత్ర కథానాయకుడు బాలకృష్ణ 2014 నుంచి అక్కడి శాసనసభ్యుడు. చిత్రంపై అభిప్రాయం మనిషిపై అభిప్రాయంతో కలిసిపోవచ్చు. అభిమానమూ, ద్వేషమూ రెండూ విమర్శకు పక్కదారులే.

మొదటివారి మాట చూద్దాం. రాయల వైభవం అబద్ధం కాదు. కాని ఆ వైభవానికి మూల్యం చెల్లించినదెవరు? రాయల అనంతరం కొద్ది ఏళ్లకే విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, భూములేలే నాయకుల చేతుల్లో రైతులు పడే బాధలనూ రాశాడు. 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు తరలింది. రత్నాలు రాశులు పోసిన కథ వినేవాడు, కొండమీద శిథిలమైన కోటనూ, కింద వానకోసం చూసే చేనునూ కలిపి చూడాలి. స్వర్ణయుగమన్నది కొలువునుంచి చూస్తే ఒకటి, కళ్లంలోనుంచి చూస్తే మరొకటి.

రెండవ అభిప్రాయంలో బలమున్నది. మూడవ ప్రపంచయుద్ధం తరువాత అణుధార్మికతకు జడిసి మనుషులు నేలకింద బతుకుతున్నారని చిత్రం చూపింది. ఇది గాలిలో పుట్టిన భయం కాదు. చిత్రం విడుదలైన 13 రోజులకు, 1991 జూలై 31న, అమెరికా, సోవియట్ యూనియన్లు అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందంపై మాస్కోలో సంతకాలు చేశాయి. రెండువైపులా ఆయుధాలు అంతగా పేరుకున్న రోజులవి.

అయితే ఈ చిత్రంలోని లోపమూ ఇక్కడే ఉన్నది. యుద్ధం వచ్చిందంటుందిగాని, ఎవరి లాభంకోసం వచ్చిందో చెప్పదు. కాలయంత్రానికి తండ్రి అయిన వెల్స్ 1895 నాటి నవలలో శ్రామికుల సంతతిని నేలకిందికీ, సోమరి వర్గపు సంతతిని పైకీ పంపి, వర్గభేదం ముదిరితే ఏమవుతుందో చూపాడు. మన చిత్రం యంత్రాన్ని తెచ్చుకుని ఆ ప్రశ్నను వదిలేసింది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ మాత్రం పైన సంపన్నుల కాంప్లెక్సునూ, కింద అలమటించే కాశీనీ ఎదురెదురుగా నిలిపింది. కాని పరిష్కారాన్ని అవతారపురుషుని చేతిలో పెట్టింది.

మూడవవారు అడగవచ్చు: వినోదానికి వచ్చినవాడికి ఇవన్నీ ఎందుకని. వినోదం నేరం కాదు. ప్రేమించిన ఇద్దరికి రేపు కావాలి. కనుక ప్రేమకథ భవిష్యత్తుకు అడ్డుకాదు. దానికి మానవుని కొలతనిచ్చేది అదే. ఆ రేపటిని కాపాడేదెవరన్న ప్రశ్న ప్రేమికులకే ముందు కావాలి.

ఇదంతా తెరమీది మాటే కాదు. ధర్మవరం నేతగాడు యంత్రాన్ని ఎరుగును. 1985 చట్టం కొన్ని రకాలను చేతిమగ్గానికి ప్రత్యేకించినా, మరమగ్గం పోటీ అతని కూలిని కోస్తూనే ఉన్నది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ చదువుకున్న కుర్రవాడికి యంత్రం అంటే ఉద్యోగం. ఒకే చిత్రం చూసి ఈ ఇద్దరూ ఒకేమాట అనాలనడం అన్యాయం. ఇద్దరి మాటా సమానంగా నిజమని చెప్పి లేచిపోవడమూ అన్యాయమే. యంత్రం ఎవరిచేతిలో ఉన్నది, దాని ఫలం ఎవరికి చేరుతున్నది అని అడిగితే ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోగలరు.

అభిప్రాయభేదం చర్చకు ముగింపు కాదు, మొదలు. చేతులెత్తించి లెక్కపెట్టడంవల్ల సత్యం తేలదు. తరగతిలో ఉపాధ్యాయుడు ‘బాగుందా, బాగాలేదా’ అని అడగటంతో ఆగకుండా, ‘ఈ భవిష్యత్తులో నీకు చోటున్నదా? మీ ఇంటివారికి ఉన్నదా?’ అని అడగాలి. 2504లో బతకవలసినవారికి నేడు ఓటు లేదు, నోరు లేదు. వారి తరఫున మాట్లాడవలసినది ఈనాటి ప్రేక్షకుడే.