ఎవ్వలకు చెప్పొద్దు సారూ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల్లో పనిచేసేవాళ్లందరం ఈ మాట విన్నవాళ్లమే. తరగతి ఖాళీ అయ్యాక ఒక పిల్ల బల్ల దగ్గరే ఆగిపోతుంది. చెప్పబోయే ముందు మాట అడుగుతుంది: "ఎవ్వలకు చెప్పొద్దు సారూ." "సరే, చెప్పను" అనే హక్కు మనకు ఉందా?

డీఎడ్‌లో 'మంత్రణం' పాఠం చదివాం. నిర్దేశక మంత్రణం విలియంసన్‌ది, అనిర్దేశక మంత్రణం కార్ల్ రోజర్స్‌ది అని బట్టీ పట్టి రాశాం. రోజర్స్ అడిగింది మూడే: పిల్లను షరతు లేకుండా అంగీకరించు, ఆమె కండ్లతో చూడు, నటించకు. వినడానికి తేలిక. మార్కులు తగ్గిన పిల్లను అందరి ముందు నిలబెట్టే అలవాటున్న చోట ఈ మూడూ కష్టమే.

ఇక్కడి పిల్లల బరువులు మనకు తెలిసినవే. నాయిన గల్ఫ్‌లో ఉంటాడు, అమ్మ బీడీలు చుడుతుంది. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే ఇంట్లో అప్పు మాటలు మొదలవుతాయి. గూడెం నుంచో తండా నుంచో హాస్టల్‌కు వచ్చిన పిల్లకు ఇంకో బరువు కూడా ఉంది. బాధ గోండిలోనో గోర్ బోలిలోనో పుట్టి తెలుగులో బయటికి రావాలి, దారిలో కొంత రాలిపోతుంది. ఆ మౌనాన్ని మొద్దుతనం అని రాసేస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేస్తే ఆ పిల్ల మాట్లాడదు. చెట్లకు నీళ్లు పోస్తూ పక్కన నిలబడితే మాట్లాడుతుంది.

మామూలు రహస్యమైతే చిక్కు లేదు. దాన్ని స్టాఫ్‌రూంలో చాయ్‌తో పాటు పంచుకోవడం దొంగతనమే. కానీ ఎవరో ఒంటిమీద చెయ్యి వేస్తున్నారని చెప్తే? చచ్చిపోవాలనిపిస్తుందంటే? మొదటిది పోలీసులకు తెలపాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. దాచితే ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. రెండోదానికి టెలి మానస్ 14416 ఉంది. ఆపదలో ఉన్న ఏ పిల్లకైనా 1098 ఉంది.

చట్టం ఏం చేయాలో చెప్పింది. పిల్లకు ఇచ్చిన మాట సంగతి చెప్పలేదు. "ముందు చెప్పనని ఒట్టేసి విషయం రాబట్టు, తర్వాత చూసుకోవచ్చు" అనే తోటి ఉపాధ్యాయులున్నారు. మేము ఒప్పుకోం. ఒక పెద్దమనిషి చేతిలో మోసపోయిన పిల్లను ఇంకో పెద్దమనిషి మోసం చేయడమే అది. గూడెం పెద్దలది వేరే వాదన. మనలో దాపరికం లేదు, ఏదైనా పంచాయితీలో కూర్చుని మాట్లాడుకుంటామంటారు. మంచిదే. కానీ ఆ పంచాయితీలో పిల్లకు చోటేది? తప్పు చేసినవాడు పెద్దల్లోనే ఉంటే?

అందుకే ముందే చెప్పాలి: "బిడ్డా, నీకు ఆపద ఉన్న ముచ్చటైతే నేను దాచలేను. ఎవరికి చెప్పేదీ మొదలు నీకే చెప్త." ఇది విని కొందరు నోరు మూసుకుని వెళ్లిపోతారు. ఆ నష్టం నిజమైనదే, చిన్నది కాదు. మరునాడు హాజరు తీసేటప్పుడు ఆ పేరు దగ్గర గొంతు మార్చకుండా పిలవాలి. మధ్యాహ్నం అన్నం తింటుందో లేదో దూరం నుంచి గమనిస్తుండాలి. వారానికో, నెలకో ఆమె మళ్లీ బల్ల దగ్గర ఆగితే మళ్లీ అదే షరతు చెప్పి, కుర్చీ పక్కకు జరపాలి.