తప్పదా, తప్పా?

క్రీ.పూ. 431లో ఏథెన్స్‌కీ స్పార్టాకీ మొదలైన యుద్ధం 27 ఏళ్లు సాగింది. అందులో ఏథెన్స్ తరఫున సేనానిగా పనిచేసి, తర్వాత దాని చరిత్ర రాసిన థ్యూసిడిడీస్, పైకి చెప్పుకున్న కారణాలు వేరు, అసలు కారణం వేరు అన్నాడు. పైకి చెప్పుకున్నవి కొర్సైరా గొడవ, పొటిడియా ముట్టడి, మెగారా వాళ్లని ఏథెన్స్ తన రేవుల్లోకి రానివ్వకపోవడం. అసలుది మాత్రం ఏథెన్స్ బలం పెరుగుతూ పోవడం, అది చూసి స్పార్టా భయపడటం.

ఇవాళ అమెరికా, చైనాల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ మాటనే పట్టుకుని, ఇలాంటి పోరు ఇక తప్పదంటారు. నా పేచీ ఇక్కడే. తప్పదు అనేస్తే ఎవరి తప్పూ లేనట్టే కదా! భయం కారణమా, లేక సాకా?

జవాబు థ్యూసిడిడీస్ పుస్తకంలోనే ఉంది. క్రీ.పూ. 432లో స్పార్టా సభ జరిగింది. అక్కడికి వచ్చిన ఏథెన్స్ దూతలు, 30 ఏళ్ల సంధిలో రాసుకున్నట్టే తగాదాని మధ్యవర్తుల తీర్పుకి వదిలేద్దామన్నారు. ముసలి రాజు ఆర్కిడామస్ యుద్ధాలు చూసినవాడు. మనకి ఓడలూ లేవు, డబ్బూ లేదు, ఇది మన పిల్లల దాకా పోయే యుద్ధం, తొందరపడొద్దు అన్నాడు. ఆయన తర్వాత స్థెనెలైడస్ అనే అధికారి లేచి నాలుగు ముక్కల్లో యుద్ధమే అని తేల్చేశాడు. అక్కడ ఓటంటే అరుపే. ఏ అరుపు పెద్దదో తెలియడం లేదని చెప్పి, జనాన్ని రెండు పక్కలా విడివిడిగా నిలబడమన్నాడు. ఎక్కువమంది యుద్ధం పక్కకే పోయారు.

అరుపులో మనిషి దాక్కోగలడు. అందరి ముందూ నడిచి నిలబడాల్సి వస్తే, సైనికుల ఊళ్లో పిరికివాళ్ల పక్కన ఎవరు నిలబడతారు? ఏథెన్స్ మీద భయం కంటే పక్కవాడి చూపు మీద భయమే ఆరోజు ఎక్కువ పనిచేసిందేమోనని నా అనుమానం.

ఏథెన్స్ మాత్రం తక్కువ తిందా? మెగారా మీద పెట్టిన నిషేధం ఎత్తేస్తే యుద్ధం ఆగుతుందని స్పార్టా కబురు పెట్టినా పెరిక్లీస్ ఒప్పుకోలేదు. ఇవాళ ఇందుకు తగ్గితే రేపు ఇంకోదానికి తగ్గాల్సొస్తుందన్నాడు. పట్టుదలలన్నీ ఇలా చిన్న విషయం దగ్గరే బిగుసుకుంటాయి.

అన్నిటికన్నా నన్ను పట్టి ఆపింది తర్వాతి సంగతి. మొదటి పదేళ్ల పోరులో పైలాస్ లాంటి చోట్ల దెబ్బలు తిన్న స్పార్టా వాళ్లు, తీర్పుకి పిలిస్తే వెళ్లనందుకు తమకిలా జరగడం న్యాయమే అనుకున్నారట. ఇది కూడా థ్యూసిడిడీసే రాశాడు. భయపడ్డవాళ్లే భయాన్ని అడ్డం పెట్టుకోలేదన్నమాట. వాళ్లు తప్పు మాది అనుకున్నారు. తప్పదు అంటున్నది మనం.