వీణ విమానమెక్కాలంటే

నూజివీడు చుట్టుపక్కల మామిడికాయని ముచ్చికతో సహా కోస్తారు. ఏప్రిల్, మే నెలల్లో రెడ్డిగూడెం తోటల్లో ఒక పూట నిలబడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. కాడ మొదలంటా ఊడిపోతే సొన కారుతుంది. సొన పడిన చోట తొక్క మాడినట్టు నల్లబడుతుంది. నాలుగు రోజుల తర్వాత ఏ ఊళ్లోనో కొనేవాడు ఆ మచ్చ చూసి కాయ పక్కన పెట్టేస్తాడు. అందుకని కాస్త కాడ వదిలి కోస్తారు. ఆ కాడ పక్కకాయకి గుచ్చుకోకుండా సర్దుతారు, అడుగున గడ్డో కాగితమో పరుస్తారు. నున్న మార్కెట్‌కి వెళ్లే ఆ ట్రేల మీద 'జాగ్రత్తగా దించండి' అని ఎవరూ రాయరు. దించేవాడికి అంత తీరిక ఉండదని కోసేవాడికి తెలుసు. ఆ తీరిక లేకపోవడాన్ని కూడా లెక్కలో వేసుకునే కాయ కోస్తాడు.

ఇదే మామిడి నేల నుంచి ఇంకో వస్తువు కూడా దూరాలు పోతుంది. నూజివీడు వీణ. బొబ్బిలి వీణకి వచ్చినంత పేరు దీనికి రాలేదు గానీ, నేర్చుకునేవాళ్లకి ఈ ఊరి పేరు బాగానే తెలుసు. తరతరాలుగా ఈ పని చేస్తున్న ముస్లిం కుటుంబం చేతుల్లో పనసచెక్క సరస్వతి చేతి వాద్యం అవుతుంది. మామిడికాయకీ వీణకీ ఒక తేడా ఉంది. మామిడికాయ ప్రయాణం చేయడానికే కోతకొస్తుంది. వీణ ఆకారంలో మాత్రం ప్రయాణం అనే ఆలోచనే లేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి ఒడికి సరిపడా దాని కొలతలు కుదిరాయి. 24 మెట్లతో ఇప్పటి రూపం స్థిరపడింది 17వ శతాబ్దపు తంజావూరులో, తెలుగులో కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడి కొలువులో అంటారు. అప్పుడు పల్లకీలో పట్టిందో లేదో చూసుకుని ఉంటారేమో. విమానం సంగతి ఎవరికి తెలుసు?

విమానం సంగతి ఇప్పుడు మనకి తెలుసు. అమెరికా వెళ్లే మామూలు టికెట్టు మీద ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు మించకూడదు. వీణకి మొదటి షరతుతో పేచీ లేదు, పేచీ అంతా రెండోదానితోనే. ఉరామరిగా నాలుగడుగుల పొడవు, మధ్యలో దండి, కింద గుండ్రటి కుండ, పైన యాళి ముఖం. బుర్ర తీసేసినా, దాని మీద గట్టి పెట్టె వేసేసరికి మూడు కొలతలూ కలిసి రెండు మీటర్లు దాటిపోతాయి.

అప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. మొదట చూస్తే ప్యాకింగ్ ప్రశ్నలాగే ఉంటుంది. పెట్టెలో పట్టడానికి వీణని రెండు ముక్కలు చేయొచ్చా?

రెడ్డిగూడెంలో మా బంధువుల ఇంట్లో ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది. అమ్మాయి ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తోంది. పదేళ్లుగా వాయిస్తున్న నూజివీడు ఏకాండి వీణ ఇంట్లో ఉంది. దండిని మధ్యలో కోసి, లోపల మర బిగించి, కావాల్సినప్పుడు విడదీసేలా చేయొచ్చని ఎవరో చెప్పారు. వాళ్ల నాయనమ్మ అడ్డం పడింది. "ముక్కలు చేసిన వీణని దసరాకి అమ్మవారి ముందు ఎట్టా పెడతావే?" అమ్మాయి తగ్గలేదు. "బుర్ర తీసి తుడుస్తావుగా నాయనమ్మా, అప్పుడు ముక్కలైనట్టు కాదా?" ఆవిడ ఒక్క క్షణం ఆగి అంది: "బుర్ర తీసేదే. దండి తీసేది కాదు."

మొదట విన్నప్పుడు ఇది ఆచారం మాట అనిపించింది. భిన్నమైన విగ్రహం పూజకి పనికిరాదంటారు కదా, అలాంటిదే అనుకున్నాను. కానీ ఆ మాటలో భక్తి కంటే తర్కమే ఎక్కువ ఉంది. ఏకాండి అని మనం గొప్పగా చెప్పుకునే వీణ కూడా నిజానికి ఒక్క ముక్క కాదు. కుండ మీద పలక వేరు. బుర్ర వేరు, ఒకప్పుడు ఎండిన సొరబుర్ర, ఇప్పుడు ఎక్కువగా కాగితపు గుజ్జుదో ఫైబరుదో. బిరడాలు వేరు, గుర్రం వేరు. లోహపు మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. ఒకే మానుని తొలిచి కుండా దండీ చేయడం గొప్ప పనితనమే గానీ, వీణ మొత్తంగా చూస్తే అతుకుల సంసారమే. కాబట్టి 'అఖండం' అనే మాట పట్టుకుని వాదిస్తే అమ్మాయే గెలుస్తుంది.

నాయనమ్మ మాత్రం అఖండం గురించి మాట్లాడలేదు. విడిపోవడానికి చేసినదానికీ, విడగొట్టినదానికీ తేడా ఉందంది. బుర్ర ఊడొస్తుందని చేసినవాడికి ముందే తెలుసు, ఊడొచ్చాక ఏం చేయాలో కూడా తెలుసు. దండి దగ్గర వాడు ఆ ఆలోచనే పెట్టుకోలేదు. అక్కడ రంపం పెట్టడమంటే, వాడు తలకెత్తుకోని పూచీని వాడి పనిలోకి దొంగతనంగా చొప్పించడం. రేపు నాదం తేడా వస్తే 'నూజివీడు వీణ ఇంతే' అంటారు. రంపం పెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

నాకు అర్థమైనంతలో నైతిక ప్రశ్న ఇక్కడుంది. ఒక వస్తువు స్వచ్ఛంగా ఉందా, కల్తీ అయిందా అన్నది కాదు. అది విరిగితే ఆ విరుపుని ఎవరు మోస్తారు? సర్దేటప్పుడే ఈ నిర్ణయం జరిగిపోతుంది. చాలామంది నిర్ణయం చేస్తున్నట్టు తెలియకుండానే చేసేస్తారు.

అంతర్జాతీయ విమాన ప్రయాణంలో సామాను పాడైతే వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. అందులో 17వ అధికరణం ప్రకారం సంస్థ అధీనంలో ఉండగా సామాను పాడైతే బాధ్యత సంస్థదే. కానీ సామానులోని స్వాభావిక లోపం వల్లో, గుణం వల్లో పాడైతే ఆ మేరకు సంస్థకి బాధ్యత లేదు. చట్టంగా అది సబబే, కుళ్లే పండు కుళ్లితే విమానం ఏం చేస్తుంది? కానీ వీణ పక్కన పెట్టి ఆ వాక్యం చదివితే గమ్మత్తుగా ఉంటుంది. మైనం వేడికి మెత్తబడుతుంది. అది మైనం గుణం. మే నెల మధ్యాహ్నం ఎండలో సామాన్ల బండి మీద అరగంట నిలబడ్డ పెట్టెలో మెట్లు జరిగితే, లోపం ఎవరిది? ఎండదా, బండిదా, మైనానిదా? ఒప్పందంలోని ఆ మాటకి విరుపు బరువుని వస్తువు మీదకే నెట్టే వీలుంది. 'నువ్వు సున్నితంగా ఉండటమే నీ తప్పు' అన్నట్టు. మనుషుల విషయంలోనూ ఈ వాదన వింటూనే ఉంటాం. ఒకవేళ సంస్థ బాధ్యత ఒప్పుకున్నా, 2024 డిసెంబర్ 28 నుంచి అమల్లో ఉన్న పరిమితి ప్రకారం ఒక ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు రెండు వేల డాలర్లు. పదేళ్ల చేతి అలవాటుకి అందులో పద్దు లేదు.

రెండో దారి, స్టిక్కర్. ఎర్రటి అక్షరాలతో 'పగిలే వస్తువు' అని అంటించడం. ఇది విరుపుని లోడర్ మీదకి నెట్టడం. లోడర్ ఎవరో మనకి తెలియదు. విమానం కడుపులో నడుం వంచుకుని, దిగిన విమానం మళ్లీ ఎగిరేలోపు వందల పెట్టెలు మార్చే మనిషి. ఒక్కో పెట్టె 32 కిలోలు దాటకూడదన్న మామూలు నియమం వెనక ఉన్నది అతని నడుమే. అంత పనిలో మన స్టిక్కర్ చదివి మన వీణకి మాత్రం ప్రత్యేకంగా చేయి అందించమని కోరడం కోరికగా తప్పు కాదు. కానీ మన పూచీ మొత్తం ఆ కోరిక మీద పెట్టి, తర్వాత అతన్ని తిట్టుకోవడం తప్పు. 2008లో చికాగో విమానాశ్రయంలో కెనడా గాయకుడు డేవ్ కారోల్ గిటార్ విరిగింది. మరుసటేడు దాని మీద ఆయన చేసిన పాట ఇంటర్నెట్‌లో మారుమోగిపోయింది. అందరికీ గుర్తుండిపోయింది సామాను విసిరేసిన చేతులు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది తర్వాతి నెలలు. 24 గంటల్లో ఫిర్యాదు చేయలేదన్న కారణంతో యునైటెడ్ సంస్థ పరిహారం ఇవ్వనంది. విసిరినవాడికి తీరిక లేదు, సరే. నిరాకరించినవాళ్లకి కావలసినంత తీరిక ఉంది.

నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసేవాళ్లకి మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది: మధ్యలో దారి నమ్మకమైనది కాదనుకుని రాయి, చేరిందో లేదో చివర్లో చూసుకునే పని నీదే. అది దారిలో ఉన్నవాళ్లని అనుమానించడం కాదు, వాళ్ల మీద వేయకూడని బరువు వేయకపోవడం. ముచ్చికతో కాయ కోసేవాడికి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఇక్కడో అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసిపారేయలేనిది. ప్రతిసారీ వస్తువే ఎందుకు సర్దుకోవాలి? పెట్టె కొలతకి వీణని తగ్గించుకుంటూ పోతే, రేపు రీలు కొలతకి ఆలాపనని, ఎల్లుండి ఇంకో కొలతకి ఇంకోదాన్ని తగ్గిస్తాం. వంగాల్సింది వీణేనా? 158 అనే అంకె ప్రకృతి ధర్మం కాదు, సూట్‌కేసుల్ని దృష్టిలో పెట్టుకుని మనుషులు వేసుకున్న లెక్క. అది మారొచ్చు కూడా. 2012లో అమెరికా తెచ్చిన ఒక విమానయాన చట్టం వాద్యాలకి వేరే కొలత ఇచ్చింది. మూడు కొలతలూ కలిపి 150 అంగుళాలు, అంటే 381 సెంటీమీటర్లు, బరువు 165 పౌండ్లు, అంటే 75 కిలోల వరకు, భద్రతకి అడ్డు రాకపోతే అమెరికన్ విమాన సంస్థలు వాద్యాన్ని సామానుగా తీసుకోవాలి. రుసుము వేరే సంగతి. 2015 మార్చి నుంచి దాని నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అక్కడి సంగీతకారులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన చట్టం అది. వాళ్ల మనసులో చెల్లోలూ గిటార్లూ ఉండొచ్చు గానీ, ఆ కొలతలో మన వీణ కూడా హాయిగా పడుతుంది. ఎవరో తమ వాద్యాన్ని కోసుకోకుండా పెట్టెని పెంచమని అడిగారు. ఆ లాభం అడగనివాళ్లకీ అందింది. కాబట్టి రంపం తీసేముందు, పెట్టె పెరుగుతుందా అని అడగడం కూడా నైతికమైన పనే.

ఇంకో దారి, వీణనే మళ్లీ ఊహించడం. హెచ్‌ఏఎల్‌లో ఇంజనీరుగా పనిచేసిన జి. రాజ్ నారాయణ్ బెంగళూరులో రాడెల్ సంస్థ పెట్టి ఎలక్ట్రానిక్ తంబురాతోపాటు డిజిటల్ వీణ కూడా తయారుచేశారు. చెన్నైలో, బెంగళూరులో విడదీసే వీణలు చేసేవాళ్లున్నారు. వీటిని చూసి ముఖం చిట్లించే పెద్దలున్నారు గానీ, నాయనమ్మ గీసిన గీత ప్రకారం వీటిలో తప్పేమీ లేదు. దండి మధ్యలో అతుకు పెట్టినవాడు ఆ అతుకుని తన పేరుతోనే పెట్టాడు. నాదం ఎంత తగ్గుతుందో, మర ఎన్నేళ్లకి వదులవుతుందో వాడికి తెలుసు, అడిగితే చెబుతాడు. అలాంటి వీణ ఏకాండి వీణకి నకలు కాదు. వేరే ఒప్పందంతో పుట్టిన వేరే వాద్యం. తప్పల్లా మొదటిదాన్ని కోసి రెండోదాన్ని చేయడంలోనే.

మరి కోయకుండా, కొనకుండా, ఇంట్లోనే గుడ్డకప్పి ఉంచితే? చాలా ఇళ్లలో జరిగేది ఇదే. విరుపు భయంతో వీణని గోడకి ఆనించి, అమ్మాయిని ఒక్కదాన్నే పంపించేస్తాం. అప్పుడూ ఒక విరుపు ఉంది, దాన్ని మోసేది అమ్మాయి వేళ్లు. రెండేళ్లలో అవి మర్చిపోతాయి. కాకపోతే ఆ నష్టానికి పరిహారం అడగడానికి కౌంటరు లేదు కాబట్టి దాన్ని నష్టంగా ఎవరూ రాసుకోరు.

చివరికి ఆ ఇంట్లో దండిని కోయలేదు. వీణని ఉన్నదున్నట్టే పంపాలని తేలింది. గట్టి పెట్టె చేయించారు. అమ్మాయి పట్టుబట్టి దానికి రెండు వైపులా పిడులు, ఒక కొసన చక్రాలు పెట్టించింది, ఎత్తేవాడు దండి వైపు పట్టుకుని వేలాడదీయకుండా. ఎలా ఎత్తాలో పెట్టె ఆకారమే చెబితే, చదవాల్సిన పని అతనికి ఉండదు. బుర్ర తీసి విడిగా సర్దారు. తీగల బిగువు తగ్గించారు గానీ పూర్తిగా వదల్లేదు, పూర్తిగా వదిలితే గుర్రం కదులుతుందని. పెద్ద సామానుకి కట్టాల్సిన అదనపు రుసుము కట్టారు. వాళ్ల నాన్న ఆ రసీదు చూసి కాసేపు మాట్లాడలేదు.

అన్నిటికంటే నాకు సరైనదనిపించిన పని ప్రయాణానికి నెల ముందు జరిగింది. డాలస్‌లో మెట్టు జరిగితే మళ్లీ మైనం పెట్టి స్థాయి సరిచూసే మనిషి ఎక్కడ దొరుకుతాడు? వీణని ఎంత బాగా సర్దినా, దాన్ని బాగుచేసే చెవిని పెట్టెలో పెట్టలేం. అమ్మాయి నూజివీడు వెళ్లి, చేసినాయన్నే అడిగింది, ఒక్క మెట్టు పెట్టడం నేర్పమని. ఒక్క రోజులో వచ్చే విద్య కాదని ఆయన ముందే చెప్పాడు. అయినా కూర్చోబెట్టి మైనం ఎంత వేడి చేయాలో, మెట్టు ఎటు నొక్కితే స్వరం ఎటు జరుగుతుందో చూపించాడు. ఆవిడ మూడుసార్లు తప్పుగా పెట్టింది, నాలుగోసారి ఆయన తలూపాడు. బట్టల సూట్‌కేసులో ఆవకాయ డబ్బా పక్కన, నల్లటి మైనం ముద్ద ఒకటి కాగితంలో చుట్టి పెట్టుకుంది.